అతుకు దగ్గర

పదో తరగతి పరీక్షలు ముగిశాయో లేదో మాకు స్పాట్ వాల్యుయేషన్ ఆర్డర్లు వచ్చేస్తాయి. జిల్లా కేంద్రంలో ఏదో ఒక బడి, ముదిరిన ఎండ, తిరుగుతూ మూలిగే ఫ్యాన్లు, బెంచీల మీద దారం కట్టిన బండిళ్లు. గదికి ఒక చీఫ్ ఎగ్జామినర్, చుట్టూ అసిస్టెంట్ ఎగ్జామినర్లం. మనిషికి రోజుకు 40 పేపర్లు. ఇంగ్లిష్ పేపర్లు దిద్దడం నాకిది 19వ ఏడు. ఎవరి పేపరో తెలియదు. పేరుండదు, ఊరుండదు, కోడ్ ఉంటుంది అంతే. అయినా దిద్దుకుంటూ పోతుంటే, కొన్ని పేపర్లలో ఒక చోట చెయ్యి ఆగిపోతుంది. ఈ వారం ఆ చోటు గురించే రాస్తున్నాను.

ఒక ఏడాది ఉత్తరం ప్రశ్న వచ్చింది. మీ ఊరి దగ్గర జరిగే జాతర గురించి స్నేహితురాలికి రాయమని. గైడులో ఉన్నది మాత్రం విహారయాత్ర ఉత్తరం. హైదరాబాద్ పోయి చార్మినార్, గోల్కొండ, జూ చూసొచ్చిన పిల్లల ఉత్తరం. నా బండిల్‌లో వరసగా పదకొండు పేపర్లలో పిల్లలంతా చార్మినారే చూశారు. అందరూ 'ఐ యామ్ క్వైట్ వెల్ హియర్ అండ్ హోప్ యూ ఆర్ ది సేమ్ దేర్' అనే మొదలుపెట్టారు. నేను పదో తరగతి రాసినప్పుడూ ఉత్తరం ఈ వాక్యంతోనే మొదలైంది.

పన్నెండో పేపరు కూడా అలాగే మొదలైంది. క్వైట్ వెల్ హియర్. బస్సెక్కారు, పాటలు పాడారు, తప్పు ఒక్కటి లేదు. నాలుగో వాక్యం దగ్గర చార్మినార్ రావాలి. రాలేదు. ఆ పిల్ల వేములవాడ పోయింది. 'మై గ్రాండ్‌మదర్ హెయిర్ గివ్ టు గాడ్. షి లుక్ లైక్ స్మాల్ బేబీ. ఐ లాఫ్, షి ఆల్సో లాఫ్. వీ టేక్ బుల్ రౌండ్ ది టెంపుల్ అండ్ టై. ఇట్ ఈజ్ అవర్ ప్రామిస్ టు గాడ్.'

వేములవాడ రాజన్న గుడి చూసినవాళ్లకు అది కోడె మొక్కని వెంటనే తెలుస్తుంది. కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. మొక్కును ఇంగ్లిష్‌లో ఏమంటారో ఆ పిల్లకు తెలియదు. పరీక్ష హాల్లో అడగడానికి ఎవరూ లేరు. గైడు వదిలేసింది, టీచర్ పక్కన లేదు. తనకున్న నాలుగు మాటల్లోంచి వెతుక్కుని 'దేవుడికి మేమిచ్చిన మాట' అని రాసింది. నేను ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకున్నాను.

పాత చీరకు కొత్త ముక్క వేసి కుడితే అతుకు దగ్గర వేలికి తగులుతుంది చూడండి, అలా తగిలింది నాకు. మూడు వాక్యాల దాకా గైడు, నాలుగో వాక్యం నుంచి అమ్మాయి. తప్పులు మొదలైందీ అక్కడే, ఆమె ఇంగ్లిష్ మొదలైందీ అక్కడే. పరీక్ష కొలవాల్సింది ఏదైనా ఉంటే ఆ అతుకు తర్వాత ఉన్నదాన్నే కొలవాలి. ముందున్నది ఎవరో గైడు రాసినాయన ఇంగ్లిష్. దానికి మార్కులు ఆయనకు వెయ్యాలి.

నేను ఆ ఉత్తరానికి సగానికి బాగా ఎక్కువ వేశాను. పక్క బెంచీ సారుకు చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపారు. "మేడం, ఏడు తప్పులున్నయి. ముందటి పేపర్ల ఒక్కటి లేదు. దానికన్న దీనికి ఎక్కువెట్ల ఏస్తరు?" ఆయన చాలా ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన వేసిన ప్రశ్న కూడా చిన్నది కాదు. బట్టీ పట్టిన పిల్లకు అన్యాయం జరగకూడదనే ఆయన బాధ. ఆయనైతే సగం కంటే తక్కువ వేసేవారు. కీ ఇద్దరి దగ్గరా ఒకటే. విషయానికి ఇన్ని, వాక్య నిర్మాణానికి ఇన్ని, స్పెల్లింగులకు ఇన్ని అని అందులో రాసే ఉంటుంది. మా ఇద్దరి కళ్లూ వేరు, అంతే.

ఈ తేడా కొత్తదేం కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు పిల్లలు రాసిన రెండు ఇంగ్లిష్ జవాబు పత్రాలకు నకళ్లు తీయించి బడులకు పంపారు. 142 మంది టీచర్లు దిద్ది తిప్పి పంపారు. ఒక పేపరుకు 64 నుంచి 98 దాకా, రెండోదానికి 50 నుంచి 97 దాకా మార్కులు పడ్డాయి. అవే పేపర్లు, అవే అక్షరాలు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మా దగ్గర పబ్లిక్ పరీక్షలో 80కి 28 వస్తేనే పాస్. ఒక పిల్లవాడు 26 దగ్గర ఆగిపోతే, ఆ రెండు మార్కులూ వాడి చేతిలో ఉన్నాయా, వాడి బండిల్ ఏ బెంచీ మీద పడిందన్నదాంట్లో ఉన్నాయా?

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. సొంత వాక్యానికి మార్కులు వెయ్యమంటున్నది జాలితో కాదు. జాలి మార్కులు నాకు ఇష్టం ఉండవు. అవి పిల్లలకూ మంచివి కావు, ఇంటర్ మొదటి ఏడాదిలోనే వాటి రంగు బయటపడుతుంది. నేను అడిగేది సరైన కొలత. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో మొదలై, ఇప్పుడు ఇఫ్లూ అని పిలుచుకుంటున్న సంస్థలో శిక్షణకు పోయినప్పుడు పిట్ కార్డర్ పేరు విన్నాను. భాష నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల గురించి 1967లో ఆయనొక వ్యాసం రాశారు. తప్పు అంటే చెరిపెయ్యాల్సిన మరక కాదని, నేర్చుకునేవాడి బుర్రలో ఆ భాష ఏ రూపంలో కూర్చుందో చూపించే ఆనవాలని అందులో వాదించారు.

ఆ కంటితో వేములవాడ ఉత్తరం చూడండి. 'గ్రాండ్‌మదర్ హెయిర్ గివ్'. నాయనమ్మ వెంట్రుకలు ఇచ్చింది. కర్త, కర్మ, క్రియ, అచ్చం తెలుగు వరస. మనకు క్రియ చివర్లో వస్తుంది. ఎవరు, ఎప్పుడు అన్నది కూడా ఆ క్రియే మోస్తుంది. 'ఇచ్చింది' అంటే చాలు. ఇంగ్లిష్‌లో ఆ బరువు ఎక్కడెక్కడ సర్దాలో ఆ అమ్మాయికి ఇంకా చేతికి రాలేదు. 'లైక్ స్మాల్ బేబీ'లో 'ఏ' పడిపోయింది, ఎందుకంటే తెలుగులో దానికి జోడీ లేదు. కానీ 'టేక్ బుల్ రౌండ్ ది టెంపుల్' దగ్గర 'ది' సరిగ్గా పడింది. బుల్ ముందు పడలేదు, టెంపుల్ ముందు పడింది. అంటే సగం దారి వచ్చేసింది. ఏం నేర్పితే మిగతా సగం నడుస్తుందో ఆ ఒక్క వాక్యంలో రాసి ఉంది. చార్మినార్ ఉత్తరాల్లో ఏం రాసి ఉంది? వాటిని దిద్దిన టీచర్‌కు రేపు క్లాసులో ఏం చెప్పాలో తెలుస్తుందా?

గైడు బట్టీ పట్టిన పిల్లల మీద నాకు కోపం లేదు. ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినబడని పిల్ల రెండు పేజీలు అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోవడం మామూలు కష్టం కాదు. వాళ్లకు అలా నేర్పింది మేమే. 'ఏ ఉత్తరమొచ్చినా ఇదే రాయి, ఊరి పేరు మార్చు' అని జనవరి స్పెషల్ క్లాసుల్లో నేనూ చెప్పాను. ఒక ఏడాది కాదు, చాలా ఏళ్లు చెప్పాను. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను.

చదివి అర్థం చేసుకునే ప్రశ్నల సంగతి ఇంకా దారుణం. ఒక పేరా ఇస్తారు, కింద ప్రశ్నలు. పిల్లలు ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి, ఆ మాట ఉన్న వాక్యాన్ని ఎత్తి రాసేస్తారు. మార్కు పడుతుంది. ఇందులో అర్థం ఎక్కడుందో చూడ్డానికి ఒకసారి తోటి టీచర్లకు బోర్డు మీద ఇలా రాశాను: 'గుమ్మడు సంతలో నాలుగు చిట్టెలు పెగిలాడు.' తర్వాత అడిగాను. గుమ్మడు ఎక్కడ పెగిలాడు? సంతలో. ఎన్ని పెగిలాడు? నాలుగు. ఏం పెగిలాడు? చిట్టెలు. అందరికీ నూటికి నూరు. చిట్టె ఏమిటో, చిట్టెలు పెగలడం ఏమిటో గదిలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు, ఆ వాక్యం అప్పుడే కల్పించాను. మన పిల్లల ఇంగ్లిష్ మార్కుల్లో కొంత భాగం ఇలా పెగిలినవే. అదే పేరా కింద 'నువ్వైతే ఏం చేసేవాడివి, ఎందుకు?' అని ఒక్క ప్రశ్న వేస్తే ఎత్తి రాయడానికి వాక్యం దొరకదు. అప్పుడు మళ్లీ అతుకు కనబడుతుంది.

ఇక మాట్లాడటం. 1913లో కేంబ్రిడ్జి వాళ్లు విదేశీయుల కోసం మొదటి ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష పెట్టినప్పుడు రాసినవాళ్లు ముగ్గురే. పన్నెండు గంటల పరీక్ష, ముగ్గురూ తప్పారు. అయినా ఆ పరీక్షలో డిక్టేషన్ ఉంది, బిగ్గరగా చదవడం ఉంది, ముఖాముఖి సంభాషణ ఉంది. వందేళ్లు దాటాక కూడా మా పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పిల్ల గొంతు వినే చోటు లేదు. సీబీఎస్ఈ 2012-13లో వినడం, మాట్లాడటం కొలిచే పరీక్ష మొదలుపెట్టింది, తర్వాత దాని ఊపు తగ్గింది. మా దగ్గర ఇంటర్నల్స్‌కు 20 మార్కులున్నాయి. చదివిన పుస్తకం మీద అభిప్రాయం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్, ఇవీ ఆ మార్కులకు దారులు. దాదాపు అన్నీ కాగితం మీదే తేలిపోతాయి. పాఠ్యపుస్తకంలో ప్రతి యూనిట్‌లోనూ వినడానికి, మాట్లాడటానికి భాగాలున్నాయి. సిలబస్ కాలేదన్న కంగారులో మొదట దాటేసేది వాటినే. పరీక్షలో లేనిదాన్ని క్లాసులో నిలబెట్టడం ఎంత కష్టమో టీచర్లకు చెప్పనక్కర్లేదు.

లక్షల మంది పిల్లలతో ఒక్కొక్కరితో మాట్లాడే పరీక్ష ఎలా పెడతారని అడుగుతారు. సైన్సు ప్రాక్టికల్స్ ఇంటర్‌లో ఏటా పెడుతూనే ఉన్నాం కదా. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, వేరే బడి నుంచి వచ్చిన ఒక టీచర్. మార్కులు కొద్దిగా పెట్టినా చాలు. జనవరి నుంచి బడుల్లో పిల్లలు నోరు విప్పుతారు.

అంతదాకా ఆగలేక నాలుగేళ్లుగా నా పదో తరగతి పిల్లలతో నేనే మాట్లాడుతున్నాను. డిసెంబర్‌లో, మధ్యాహ్న భోజనాలయ్యాక, వేపచెట్టు కింద, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మార్కులు లేవు. ఒకటే నియమం పెట్టుకున్నాను: జవాబు నాకు తెలిసిన ప్రశ్న అడగకూడదు. 'వాట్ ఈజ్ యువర్ ఫాదర్స్ నేమ్' అడిగితే అది హాజరు పట్టీలోనే ఉంది. నాకు నిజంగా తెలియనిది అడిగితే పిల్లలకు అది వెంటనే తెలిసిపోతుంది, కూర్చునే తీరు మారుతుంది. ఆన్‌లైన్ ఆటలో ఏ దేశం పిల్లాడితోనో ఇంగ్లిష్‌లో కేకలు పెట్టుకునే ఒకడు ఆ ఆట నియమాలు నాకు పది వాక్యాల్లో చెప్పాడు. వాడు అప్పటిదాకా స్లిప్ టెస్ట్‌లో ఐదుకు రెండు దాటలేదు.

మొదట్లో అందరూ ఒకే మాట అడుగుతారు. "తప్పొస్తే ఏమన్న అంటరా మేడం?" అననంటాను. నమ్మడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో మూడు దానికే పోతాయి, ఫర్వాలేదు.

పోయిన డిసెంబర్‌లో గొర్లు కాచే ఇంటి పిల్లవాడొకడు వచ్చాడు. పరీక్షలో ఉత్తరం ప్రశ్న వదిలేసేవాడు. ఏమడగాలా అని ఆలోచించి, మీ మందలో గొర్లెన్ని అన్నాను. 'హండ్రెడ్ అండ్ టెన్' అన్నాడు. మందలు కలిసిపోతే మీ గొర్రె ఏదో ఎలా గుర్తుపడతావన్నాను. అది నాకు నిజంగా తెలియదు. నాకు అన్నీ ఒకేలా కనబడతాయని కూడా చెప్పాను. వాడు కాసేపు నేల చూశాడు. మాటలు కూడబలుక్కుంటున్నాడని తెలిసి నేనేం అందించలేదు. చెట్టు మీంచి వేపాకులు రాలుతున్నాయి. తర్వాత తలెత్తి, తొందర లేకుండా అన్నాడు.

'ఎవ్రీ షీప్, ఫేస్ డిఫరెంట్, మేడం. యూ నాట్ సీ. ఐ సీ.'