ఫ్లెక్సీ దించిన తర్వాత

ఎంబీబీఎస్ సీటొచ్చిన పిల్ల ఫొటోతో ఊరి కూడలిలో ఫ్లెక్సీ కట్టడం మా బొంరాస్‌పేట, కొడంగల్ వైపు ఇప్పుడు ఆనవాయితీ అయింది. కట్టాల్సిందే. పత్తి, కంది మీద బతికే ఇంట్లోంచి, తండాలోంచి ఒక పిల్ల డాక్టరు చదువుకు వెళ్తుంటే ఊరు పండగ చేసుకోకపోతే ఇంకెప్పుడు చేసుకుంటుంది? నా దిగులంతా ఆ తర్వాతి ఏడాది గురించి. ఇంటర్‌లో ప్రతి స్లిప్ టెస్టుకూ ఎన్నొచ్చాయని నిలదీసిన ఇల్లు, మెడికల్ కాలేజీ మొదటి ఇంటర్నల్స్‌లో ఎన్నొచ్చాయని అడగదు. సీటొచ్చింది కదా, గట్టెక్కినట్టే అనుకుంటుంది. పిల్ల కూడా అలాగే అనుకుందంటే చిక్కు మొదలైనట్టే. కంది పూత చూసి మా రైతు ఎవరూ పుట్లు లెక్కగట్టరు. చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం పూతనే పంట అనుకుంటున్నాం.

కొడంగల్, పరిగి ప్రాంతంలో జూనియర్ కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్తూ నా ఉద్యోగకాలమంతా గడిచింది. మొదట్లో మా దగ్గర డాక్టరు చదువంటే ఉస్మానియా, గాంధీ. ఆ పేర్లు వినడమే గానీ, అక్కడికి చేరిన పిల్లలు అరుదు. 2016లో మహబూబ్‌నగర్‌కు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మేము ఆ జిల్లా నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లాలో కలిశాం. 2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైతే అందులో వికారాబాద్‌ది ఒకటి, 100 సీట్లతో. ఆ తర్వాత కొడంగల్‌కూ కాలేజీ మంజూరైంది. ప్రభుత్వ కాలేజీలో ఏడాది ట్యూషన్ ఫీజు 10 వేల రూపాయలే. అంటే దూరం తగ్గింది, ఖర్చు తగ్గింది. లోపలికి వెళ్లాక నిలబడటంలో ఉన్న కష్టం మాత్రం తగ్గలేదు. మా పిల్లలకు ఆ కష్టం గురించి ముందుగా చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. డాక్టర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు అది అన్నం తింటూ తెలుస్తుంది. అందుకే ఈ వారం ఈ మాట రాస్తున్నాను.

ముందు పరీక్షకూ కాలేజీకీ మధ్య ఉండే ఖాళీ నెలల సంగతి. ఈ మధ్య ఏళ్లలో నీట్ మే మొదటి ఆదివారం జరుగుతోంది. ఫలితాలు, కౌన్సెలింగ్ రౌండ్లు ముగిసి తరగతులు మొదలయ్యేసరికి దసరా దగ్గర పడుతుంది. అంతవరకు రోజుకు పది, పన్నెండు గంటలు కూర్చున్న పిల్ల ఒక్కసారిగా పుస్తకం మూసేస్తుంది. విశ్రాంతి కావాలి, కాదనను. పరీక్ష కోసం చెడగొట్టుకున్న నిద్రను, ఆరోగ్యాన్ని తిరిగి దారిలో పెట్టుకోవాలి. కానీ చదువు అలవాటు కూడా శరీరంలోనే ఉంటుంది. నాలుగైదు నెలలు పూర్తిగా వదిలేస్తే కాలేజీలో మొదటి నెలంతా కుదురుగా కూర్చోవడం నేర్చుకోవడానికే పోతుంది. అప్పటికే అనాటమీలో ఒక చేయి పూర్తయి ఉంటుంది.

ఇక నియమాల సంగతి. మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. థియరీ తరగతులకు 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరుండాలి. ఇంటర్నల్స్‌లో కావలసినన్ని మార్కులు లేకపోతే యూనివర్సిటీ పరీక్షకే కూర్చోనివ్వరు. పరీక్ష తప్పితే సప్లిమెంటరీ. అదీ తప్పితే తోటివాళ్లు రెండో ఏడాదికి వెళ్లిపోతారు, తను జూనియర్ల బెంచీలో కూర్చోవాలి. మొదటి ఏడాది పరీక్షకు నాలుగు ప్రయత్నాలకు మించి లేవు. మొత్తం కోర్సు తొమ్మిదేళ్లలో ముగించాలి. ‘సీటొచ్చాక పోయేదేముంది’ అనేవాళ్లకు ఈ రెండు లెక్కలూ తెలియవు. సీటు పోతుంది.

అయినా సీటు పోతుందన్న భయంతో చదివించాలన్నది నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచుకున్నది వేరు. నీట్‌కు చదివిన చదువు వేరు, లోపల చదవాల్సిన చదువు వేరు. మా పిల్లలు తడబడేది తెలివి తక్కువై కాదు, కష్టపడక కాదు. పాత పద్ధతిలోనే కష్టపడటం వల్ల.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. సరైనది కళ్ల ముందే ఉంటుంది, గుర్తుపడితే చాలు. రెండేళ్లు, లాంగ్‌టర్మ్ కోచింగ్ కూడా తీసుకుంటే మూడేళ్లు, పిల్ల బుర్ర ఆ గుర్తుపట్టే పనిలోనే ఆరితేరుతుంది. కాలేజీకి వెళ్లాక తెల్ల కాగితం ఇచ్చి ఎస్సే రాయమంటారు, బొమ్మ గీయమంటారు. వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మన చేతిలో ఎముక పెట్టి, ఇది కుడిదా ఎడమదా, ఎట్లా చెప్పగలవు అంటాడు. అక్కడ గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. లోపలినుంచి తీయాలి. పుస్తకం చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉండి, మూసేయగానే ఏమీ నోటికి రాకపోవడం అందుకే.

నా దగ్గర చదివిన ఒక తండా అమ్మాయి సంక్రాంతి సెలవులకొచ్చి మా ఇంటికి వచ్చింది. మొదటి ఇంటర్నల్స్‌లో అనాటమీ తప్పింది. ‘సార్, రోజూ చదువుతనే ఉన్న. చౌరాసియా అనాటమీ పుస్తకం రెండుసార్లు తిరగేసిన. అయినా రాలే’ అంది. కళ్లలో నీళ్లున్నాయి. ఏడిస్తే ఊరుకోబెట్టే ప్రయత్నం చేయలేదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిప్పి ఇచ్చాను. ‘నీకు బాగా వచ్చింది ఏదో ఒకటి గీయి బిడ్డా, పుస్తకం నా దగ్గరియ్యి’ అన్నాను.

బ్రేకియల్ ప్లెక్సస్ తీసుకుంది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరి చేతికంతటికీ వెళ్లే నరాల అల్లిక అది. లెక్కలన్నీ గడగడా అప్పజెప్పింది. మూలాలు ఐదు, సి5 నుంచి టి1 దాకా. ట్రంకులు మూడు, డివిజన్లు ఆరు, కార్డులు మూడు, చివరి కొమ్మలు ఐదు. ఒక్క అంకె తప్పలేదు. పెన్సిల్ కాగితం మీద పెట్టాక పై రెండు మూలాలు కలిపింది, మధ్యది ఒంటరిగా విడిచింది, కింది రెండూ కలిపింది. మూడు ట్రంకులొచ్చాయి. ఒక్కొక్కదాన్నీ రెండుగా చీల్చింది. అక్కడ చేయి ఆగిపోయింది. ఆరు గీతల్లో ఏది దేనితో కలవాలో తెలియలేదు. పుస్తకం నా ఒళ్లో తెరిచే ఉంది, వెనక వైపు డివిజన్లు మూడూ ఒకచోట చేరి పోస్టీరియర్ కార్డు అవుతాయి. ఆ సంగతి చెప్పలేదు. ‘ఇన్ని గీతలు ఎందుకు చీలినయి? చేయికి ముందు వైపు కండరాలున్నయి, వెనక వైపు ఉన్నయి కదా’ అని మాత్రం అన్నాను. కాసేపు తన చేయి తనే చూసుకుంది. మోచేయి ముడిచింది, చాచింది. తర్వాత వెనక గీతలు మూడింటినీ ఒకటిగా కలిపింది. దాని చివర రేడియల్ నరం అని రాసింది.

అప్పుడు ఒక సంగతి చెప్పాను. బీజాపూర్ రోడ్డు మీద బైక్ జారి దండచేయి ఎముక విరిగిన మనిషి ఆసుపత్రికొస్తాడు. మణికట్టు పైకి లేవదు, చేయి వేలాడిపోతుంది. ఆ ఎముకను చుట్టుకుని వెళ్లేది ఆ రేడియల్ నరమే. ఇది చెప్పగానే పిల్ల ముఖం మారింది. అంతవరకు అది పరీక్షలో వచ్చే బొమ్మ. అప్పుడు మనిషి చేయి అయింది.

ఆమె ఆ రోజునుంచి చేస్తున్నది పెద్ద రహస్యమేమీ కాదు. పొద్దున విన్న పాఠాన్ని సాయంత్రం పుస్తకం తెరవకుండా తెల్ల కాగితం మీద పెట్టడం. ఎక్కడ చేయి ఆగిందో అక్కడే పుస్తకం తెరవడం. మర్నాడు పొద్దున అదే మళ్లీ, వారానికోసారి మళ్లీ. హిస్టాలజీ బొమ్మలకు గులాబీ, ఊదా పెన్సిళ్లు ఉంటాయి, హెచ్ అండ్ ఈ పెన్సిళ్లంటారు. కణాల కేంద్రకానికి ఊదా, చుట్టూ ఉన్న దానికి గులాబీ. వాటితో రికార్డు అందంగా నింపడం వేరు, చూడకుండా వేయడం వేరని ఆమెకు ఇప్పుడు తెలుసు. రూమ్మేట్‌కు పాఠం చెప్పడం కూడా మొదలుపెట్టింది. ఎదుటి మనిషి ‘ఎందుకు’ అని అడిగితే తెలుస్తుంది మనకు ఎంత వచ్చో. వార్షిక పరీక్షలో మూడు సబ్జెక్టులూ ఒకేసారి పాసైంది.

తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు ఇంకో గోడ ఉంది. నీట్ తెలుగులో రాసుకోవచ్చు. ఎంబీబీఎస్ పరీక్ష మొత్తం ఇంగ్లీషులోనే. తెలిసిన సంగతే వాక్యంలో పెట్టలేక మార్కులు పోగొట్టుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. దీనికి మందు ఒకటే, రోజూ ఒక జవాబు గడియారం పెట్టుకుని రాయడం. చిన్న వాక్యాలు, శీర్షికలు, పక్కన బొమ్మ. మూడు నెలలు పట్టుబట్టి రాస్తే గోడ కూలుతుంది. మొదటి నెలలోనే మొదలుపెట్టాలి, పరీక్షల ముందు కాదు. ఇంటి భాషను తక్కువగా చూసుకోవద్దని కూడా చెప్తాను. ఇప్పుడు ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది నుంచే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూస్తూ ఉండాలి. ‘దమ్మొస్తుంది బిడ్డా, కండ్లు తిరుగుతున్నయి’ అని ముసలమ్మ చెప్పే మాట మా పిల్లలకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది?

‘పీజీ ఎంట్రన్స్‌కు ఎంబీబీఎస్ మార్కులతో పనిలేదు, పాసైతే చాలు’ అనే సీనియర్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. నీట్ పీజీ ర్యాంకుకు ఈ మార్కులు కలపరన్నది నిజమే. కానీ ఆ ఎంట్రన్స్ అడిగేది ఈ నాలుగున్నరేళ్ల చదువునే. మొదటి ఏడాది ఫిజియాలజీ వదిలేసినవాడికి మూడో ఏడాది గుండె జబ్బు అర్థం కాదు. విదేశాలకు వెళ్లి ఎంబీబీఎస్ చేసినవాళ్లకూ ఇదే. తిరిగొచ్చి ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్షలో 300కు 150 తెచ్చుకుంటే తప్ప ఇక్కడ వైద్యం చేయడానికి లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలదీ ఇదే సంగతి. అక్కడ డిగ్రీ చివరి ఏడాదిలో మెడికల్ సీటు ఖాయమైనా, చివరి సెమిస్టర్ మార్కుల పట్టీ వెళ్లాకే ప్రవేశం పూర్తవుతుంది. ఇంటర్ కాగానే డిగ్రీ, మెడిసిన్ కలిపి సీటు తెచ్చుకున్న పిల్లలైతే ఏటా నిర్ణయించిన జీపీఏ నిలబెట్టుకోవాలి.

మెడికల్ కాలేజీలో మార్కుల విలువ ఎంతో తెలుసుకోవాలంటే యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూడాలి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. కాబోయే మామగారు ఖర్చు పెట్టుకుంటే మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గౌను కూడా ఖద్దరుదే తొడిగారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగా చేసినా పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వకుండా, తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ కాగితం వల్ల మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. అమెరికాలోని బోస్టన్ చేరాక ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేయాల్సి వచ్చింది. ఆయన కథ చెప్పి ‘చూశారా, మార్కులు లేకపోయినా గొప్పవాళ్లవుతారు’ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆయనకు చదువు నిండుగా ఉంది, అన్యాయంగా కాగితం తక్కువైంది. ఆ తక్కువ కాగితం ఆయన్ను ఎన్ని గుమ్మాల దగ్గర ఆపిందో చూడండి. చదువు నిండుగా ఉండబట్టే, 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టగలిగారు. నమూనాలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం రంగు అంత చిక్కగా తేలుతుంది. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఆ పేరు ఈనాటికీ ఎదురవుతుంది. మా పిల్లలకు ఆ పేరు దగ్గర ఆగమని, ఆయన మన తెలుగువాడని, రాత్రి కూలి చేస్తూ చదివినవాడని చెప్తుంటాను.

తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు నా విన్నపం. మీ పిల్ల ఈ ఏడాది ఎంబీబీఎస్‌లో చేరితే, మొదటి ఏడాది ప్రతి పెళ్లికీ, ప్రతి పండక్కీ రమ్మని పిలవకండి. ఇంట్లో అప్పుల మాట, పొలం తగాదాల మాట ఫోన్లో చెప్పి మనసు పాడు చేయకండి. వారానికోసారి ‘ఈ వారం ఏం నేర్చుకున్నవ్ బిడ్డా, నాకు చెప్పు’ అని అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, చెప్పనివ్వండి. మొదటి ఇంటర్నల్స్‌లో తక్కువొస్తే కోప్పడకండి, దాచుకునేలా చేయకండి. ముందే చేరిన మన జిల్లా సీనియర్లు వికారాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో, హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు సంపాదించి పిల్ల చేతికివ్వండి. సీనియర్లకు కూడా చెప్తున్నాను: బొంరాస్‌పేట నుంచి, కొడంగల్ నుంచి కొత్తగా ఎవరొచ్చారో మీరే కనుక్కోండి. మొదటి నెలలోనే వాళ్ల పక్కన కూర్చుని, పుస్తకం మూయించి, ఒక బొమ్మ గీయించండి.