సుంకరి మీద పడ్డ వెలుగు

రోమ్‌లోని సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో ఎడమవైపు చివరి చాపెల్‌కి వెళ్లండి. గోడ మీద మూడు మీటర్లకు పైబడిన నూనె రంగుల చిత్రం, కరవాజ్జో గీసిన ‘మత్తయి పిలుపు’. 1599లో ఒప్పందం కుదిరింది, 1600లో గోడకెక్కింది. ఆ పని ఆయనకు దక్కడం వెనక కార్డినల్ దెల్ మోంతె మాటసాయం ఉందంటారు. చరిత్ర ఇంతే చాలు, బొమ్మ చూద్దాం.

చీకటి గదిలో బల్ల చుట్టూ ఐదుగురు, అప్పటి రోమ్ కుర్రకారు వేషాల్లో. కుడివైపు నుంచి యేసు, సుంకరి మత్తయిని శిష్యుడిగా పిలుస్తూ, చెయ్యి చాచాడు. ఆయన తల పైనుంచి ఏటవాలుగా వచ్చిన వెలుగు గోడ మీద జారి ముఖాలను అందుకుంటుంది. కిటికీ ఎదురుగానే ఉంది, వెలుగు మాత్రం దాంట్లోంచి రాదు. ఎంత సాహసం! గడ్డపాయన ‘నన్నేనా’ అన్నట్టు వేలు చూపుతున్నాడు, కుడిచెయ్యి ఇంకా డబ్బు దగ్గరే ఉంది. కళ్లద్దాల ముసలాయన, నాణేలు లెక్కపెట్టే కుర్రాడు తలెత్తనే లేదు. ఆ కుర్రాడే మత్తయి అని కొందరు పండితులంటారు. నేనొప్పుకోను. వెలుగు వెతుక్కుంటూ వచ్చింది గడ్డపాయన కోసమే.

యేసు చేతి వాలు చూడండి. సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో ఆదాముకిచ్చిన వాలు అది. యేసు పక్కనున్న శిష్యుడు పేతురు మొదట లేడనీ, తర్వాత చేర్చాడనీ ఎక్స్‌రేలు చెప్పాయి.

కరవాజ్జో చేతి డ్రాయింగులు ఏవీ మనకు మిగల్లేదు. ఎదుట మనుషుల్ని నిలబెట్టి, కాన్వాస్ తొలిపూత మీద గాట్లు పెట్టుకుని, నేరుగా రంగులోకి దిగేవాడు. ఆ తొలిపూత ముదురు రంగు. నీడ కావలసినచోట దాన్నే వదిలేసి, వెలుగు పడ్డచోట దట్టంగా రంగు నింపేవాడు. అందుకే ఆ చీకటికి లోతుంది, అందులోకి నడిచి వెళ్లొచ్చు. ఆ దారినే నడిచి ఆర్తెమీసియా జెంటిలెస్కి బైబిల్ కథల్లోని యూదితును గీసింది. జార్జ్ ద లా తూర్ ఒక్క కొవ్వొత్తితో గదంతా మౌనం నింపాడు. కరవాజ్జో పద్ధతినే అనుకరించిన చిత్రకారుడు బాల్యోనే మాత్రం 1603లో ఆయన మీదే పరువునష్టం కేసు పెట్టాడు!

ఈనాటి అనుకరణలు చూస్తే కడుపు మండుతుంది. వెనక నల్లరంగు పులిమి, ఒక చెంప మీద తెలుపు పూసి ‘కరవాజ్జో శైలి’ అంటున్నారు. యంత్రంతో అచ్చేసిన కాన్వాస్ మీద జిగురుతో కుంచె జాడలు తెప్పించి చేత్తో గీసిందని అమ్ముతున్నారు. అసలు చిత్రాన్ని అచ్చేసేవాళ్లయినా, బాగా కనబడాలని వెలుతురు పెంచి నీడలన్నీ కడిగేస్తే ఇంక మిగిలేదేమిటి? లోపలికి నడిచే చీకటి లేక గుమ్మంలోనే నిలబడ్డ మనుషులు!

పత్రికలవాళ్లకూ పుస్తకాలవాళ్లకూ నా మనవి ఒక్కటే. ఆ నీడల్ని ముట్టుకోకండి. చిత్రమంతటినీ తపాలా బిళ్లంత చేసి పేజీ మూలకు నెట్టే బదులు, ఆ బల్ల దగ్గరి భాగం ఒక్కటే నిండు పేజీకి వెయ్యండి, ముసలాయన కళ్లద్దాలు పాఠకుడికి కనబడేలా.