ఆఖరి రకం

నవల అంటే ఏందో నేను మొదట బిట్లల్లనే చదివిన. వీరేశలింగం రాజశేఖర చరిత్రము ఏ సంవత్సరం? 1878. దానికి ప్రేరణ ఎవరి ఇంగ్లీషు నవల? గోల్డ్‌స్మిత్. మాలపల్లి రచయిత? ఉన్నవ లక్ష్మీనారాయణ. డీఎస్సీ గైడులో ఇవన్నీ బట్టీ పట్టి తెలుగు సారునైన. ఇంద్రేశం మాదిగవాడలో మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. మాలపల్లికి టిక్కు పెట్టిన నాటికి ఆ పుస్తకం కండ్ల చూడలేదు. సిగ్గుతోనే ఒప్పుకుంటున్న.

ఆ గైడులో నవల అంగాలు వరుసగా ఉండె: ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణలు, వాతావరణం, శైలి, దృక్కోణం. తర్వాత రకాలు: సాంఘిక నవల, చారిత్రక నవల, మనోవైజ్ఞానిక నవల, రాజకీయ నవల, ప్రాంతీయ నవల, అపరాధ పరిశోధక నవల. అన్నిటికన్న ఆఖరున, దళిత నవల. ఊరి పటం గీసినట్టే గీసిన్రు. సంఘాన్ని చిత్రించేది సాంఘిక నవల అని ఒక దిక్కు రాసి, దళిత నవలను ఇంకో దిక్కు రాస్తే, మేము సంఘంలో లేనట్టే కద!

నేను చెప్పదలచుకున్నది ఇదే. దళిత నవల ఆఖరి రకం కాదు. మొదట రాసిన అంగాలన్నిటినీ మళ్లీ ప్రశ్నకు పెట్టే నవల అది.

వీరేశలింగం తన పుస్తకాన్ని వచన ప్రబంధం అన్నడు. దాన్ని విమర్శిస్తూ కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి ‘నవల’ అనే మాటకు సంస్కృతంలో వ్యుత్పత్తి చెప్పిండు. కొత్త విశేషాలను గ్రహించేది అని దాని అర్థం. బాగుంది. మరి ఆ కొత్తల్లోకి మా వాడ రావడానికి ఎన్నేండ్లు పట్టింది? వచ్చినా ఎవరి కండ్లతో వచ్చింది?

మాలపల్లి సంగతే తీసుకుందాం. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు పోయిన ఉన్నవ, ఆ జైల్లో రాసిన నవల అది. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ ధైర్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. మాల రామదాసును నవల నడుమ నిలబెట్టడం ఆ రోజుల్లో మాటలు కాదు. కాని చదువుతుంటే ఒక ప్రశ్న సతాయించింది. రామదాసు ఎందుకంత మంచోడు? భక్తుడు, వేదాంతి, ఎంత దెబ్బ తిన్నా ఓర్చుకునేటోడు. తక్కెళ్ల జగ్గడుగా మారిన వెంకటదాసు ఉన్నడు, నిజమే. ఆ దోపిడీ కూడా ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచే ధర్మ దోపిడే. మా వాడల తాగెటోడున్నడు, అబద్ధమాడెటోడున్నడు, చావింట్ల కూడ నవ్విచ్చెటోడున్నడు. వాళ్లకు నవల గడప దాటే అర్హత లేదా? సానుభూతి మాకు తలుపు తీసింది గాని, తానం చేసి రమ్మన్నది.

హాస్టల్ల ఉన్నప్పుడు నవీన్ ‘అంపశయ్య’ చేతికొచ్చింది. 1969 నాటి నవల. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి గడిపిన ఒక్క రోజు కథ. అతని మనసులో పారే ఆలోచనలే నవల. చైతన్య స్రవంతి అంటే ఏందో గైడు చెప్పలేనిది ఆ పుస్తకం చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఊపులో నేను కూడ అరవై పేజీలు రాసిన. వాడలో మొదటి గ్రాడ్యుయేట్ నాయకుడు. వాని అవమానం, వాని ఏకాంతం, వాని మనసు.

సెలవుల్లో ఇంటికొచ్చి అవ్వకు చదివి వినిపించిన. ఆమెకు అక్షరం రాదు. బియ్యం ఏరుకుంట అంతా విన్నది. విని అన్నది:

“మంచిగనే ఉన్నది బిడ్డా. కాని అంత నువ్వే ఉన్నవు. నీ ఫీజుకు పుస్తెలమ్మిన పెద్దవ్వ ఏది? మీ నాయిన డ్యూటీకెల్లి రాని రాత్రి మనింట్ల కూసున్న వాడోళ్లు ఏరి? నువ్వొక్కనివే సదువుకున్నవా?”

పెద్దవ్వను నేను మరువలేదు. రెండు వాక్యాలు రాసిన. గైడు ప్రకారం ఆమె అప్రధాన పాత్ర. ఆ అప్రధాన పాత్ర పుస్తెలమ్మితేనే ప్రధాన పాత్ర బీఏ చదివిండు! ఏ ప్రొఫెసరూ చెప్పని విమర్శ అవ్వ చెప్పింది. కాయితాలు పెట్టెల వేసి తాళం పెట్టిన.

అవ్వ మాట ఎంత సరైనదో జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ చదివినంక తెలిసింది. అది 2000లో వచ్చింది. ముసలి రూతు జ్ఞాపకం నుంచి కథ కదులుతది. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. తరం ఎన్క తరం. వీధి నాటకం, పాట, నీళ్ల కొట్లాట, కరువు, వలస, మతం మార్పు. ఇందులో నాయకుడు ఎవరని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్నే తప్పు. మా అవ్వ కథ చెప్పినా అంతే. బర్రె దగ్గర మొదలై, కరువుకు పోయి, చచ్చిపోయిన మేనమామ దగ్గరికి వచ్చి, మళ్లా బర్రె దగ్గరికి వస్తది. ఇతివృత్తం లేదని గైడు అంటది. గుర్తుకు తెచ్చుకునుడే అక్కడ ఇతివృత్తం. చరిత్ర రాయనియ్యనోళ్లకు యాదే గ్రంథాలయం.

అట్లని లోపం లేదనను. చివరి తరాలకు వచ్చేసరికి ఆ నవల ఉరుకుతది. ఎల్లన్నకు దొరికిన తావు జెస్సీకి దొరకలేదు. ఉద్యమంలోకి దారి ముందే గీసి, పాత్రను దాని మీద నడిపించినట్టనిపిస్తది. మన పుస్తకమని ఈ మాట దాచిపెడితే మనకే నష్టం.

అదే 2000లో వేముల ఎల్లయ్య ‘కక్క’ వచ్చింది. నల్లగొండ మాదిగల మాటలో నడిచే నవల. మాండలికం సంభాషణలకే అన్నది పాత పద్ధతి. కథనం మాత్రం శిష్ట భాషలో సాగాలె. అంటే రచయిత గద్దె మీద, పాత్ర వాకిట్ల. కక్క ఆ గద్దెను తీసేసింది. చదువుడు కష్టమని కొందరు అన్నరు. ప్రబంధాలు సులువుగ ఉన్నయా? వాటికి టీకలు రాసుకొని చదివినం కద.

ఇగ వాతావరణం. గైడులో అది కథకు వెనుక తెర. మా దిక్కు వాతావరణం అంటే వాసన. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచినయి. నక్కవాగు పాడైంది. 1990లో సుప్రీంకోర్టుకు కేసు పోయింది. ఇక్కడి శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నదని 2007లో శాస్త్రవేత్తలు అచ్చేసిన్రు. నీళ్లను కొలిచిన్రు. ఆ వాగు పక్కన పొలం పోగొట్టుకొని, అదే ఫ్యాక్టరీ గేటు ముందు కాంట్రాక్టు కూలికి నిలబడ్డ మనిషిని ఏ నవల కొలిచింది? నేను చదివినంతలో దొరకలేదు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు: మా ఇండ్లల్ల పొద్దు కూడ అట్లనే తిరుగుతది. ఆ నవలలో దేశకాలాలు తెర కావు, పాత్రలు.

ఇప్పుడు నా క్లాసుల కూడ ఆ లిస్టు చెప్పక తప్పదు. పరీక్షల అడుగుతరు. చెప్పినంక పిల్లలతోని ఒక పని చేయిస్త. ఏ నవల చదివినా అందులో పేరు లేనోళ్లను లెక్కపెట్టమంట. నీళ్లు తెచ్చినామె, బండి తోలినాయన, పీనుగ మోసినోళ్లు. విద్యార్థి మిత్రులారా, మీరూ లెక్కపెట్టి చూడుండ్రి.

మొన్న పెట్టె తాళం తీసిన. మొదటి పేజీ కొట్టేసిన. పుస్తెలు ఎంతకమ్మినవని పెద్దవ్వను అడుగుతున్న. ఆమె ఇంక చెప్తలేదు.