తరగతి గదిలో రచనాకార్యశాల: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పిల్లలకు రచన నేర్పే పద్ధతుల్లో రచనాకార్యశాల ప్రసిద్ధమైనది. ఈ పద్ధతి అమెరికా పాఠశాలల్లో రూపుదిద్దుకొన్న తీరును, దానిపై వచ్చిన విమర్శలను పరిశీలించి, తెలుగు తరగతి గదికి అది ఎంతవరకు ఉపకరిస్తుందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం. పిల్లల పలుకుబడికి చోటివ్వడం, ప్రమాణభాషను స్పష్టంగా బోధించడం పరస్పర విరుద్ధాలు కావని, రెండూ కలిసినప్పుడే కార్యశాల సార్థకమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రచనాకార్యశాల, స్వీయరచన, మాండలికం, ప్రమాణభాష, భాషాబోధన.

1. ఉపోద్ఘాతం:
మన పాఠశాలల్లో రాత అంటే చాలాకాలం చూచిరాత, ఉక్తలేఖనం, వ్యాసాన్ని కంఠస్థం చేసి అప్పగించడమే. ఆ తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలు ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే విభాగం కింద స్వీయరచనకు స్థానం కల్పించాయి. ఇది మంచి మార్పే. అయితే సృజనాత్మక ప్రశ్నలకు సైతం గైడ్లలో సిద్ధసమాధానాలు దొరుకుతున్నప్పుడు ఆ విభాగం పేరు మారిన కంఠస్థమే అవుతుంది. ప్రశ్న మారినంత మాత్రాన సరిపోదు, పిల్లలు రాసే ప్రక్రియ మారాలి. కార్యశాల పద్ధతిని పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

2. పద్ధతి - పుట్టుక:
డోనాల్డ్ గ్రేవ్స్ తన సహపరిశోధకులతో కలిసి 1978-80 మధ్య న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు రాస్తుండగా దగ్గర కూర్చొని గమనించాడు. పిల్లలు రాసి ముగించిన కాగితం కంటే, దాన్ని రాసే క్రమమే ఆయన పరిశీలనకు కేంద్రం. ఆ అనుభవాల ఆధారంగా 1983లో వెలువడిన ఆయన గ్రంథం ఈ ఉద్యమానికి పునాది అయింది. లూసీ కాల్కిన్స్, నాన్సీ ఆట్‌వెల్ దానిని విస్తరించారు.

ఈ పద్ధతిలో నాలుగు అంగాలున్నాయి. మొదట ఉపాధ్యాయుడు ఒక చిన్న పాఠం చెబుతాడు. తరువాత పిల్లలు తాము ఎంచుకున్న విషయం మీద రాస్తారు. ఆ సమయంలో ఉపాధ్యాయుడు ఒక్కొక్కరి పక్కన కూర్చొని మాట్లాడతాడు. చివర కొందరు తమ రచనను తరగతికి చదివి వినిపిస్తారు. చిత్తుప్రతి, సవరణ, శుద్ధప్రతి అనే క్రమం రోజుల తరబడి సాగుతుంది.

3. విమర్శలు:
ఈ పద్ధతిపై లోతైన విమర్శ లీసా డెల్పిట్ చేశారు. ఆఫ్రికన్-అమెరికన్ ఉపాధ్యాయినిగా తన అనుభవం నుంచి ఆమె 1986, 1988లలో రాసిన వ్యాసాలు ఒక చేదు నిజాన్ని చెప్పాయి. ఇంట్లోనే ప్రమాణభాష విని పెరిగిన పిల్లలకు స్వేచ్ఛ ఒక్కటే సరిపోవచ్చు. ఆ భాష ఇంట్లో లేని పిల్లలకు దాని నియమాలను బడి విప్పి చెప్పకపోతే, వారు మరెక్కడ నేర్చుకోగలరు? అధికారం ఉన్నవారి భాషానియమాలను దాచిపెట్టే స్వేచ్ఛ, పిల్లల పట్ల ప్రేమగా కనిపిస్తూనే వారికి అన్యాయం చేయగలదు.

గ్రాహం, పెరిన్ 2007లో 4 నుంచి 12 తరగతుల విద్యార్థులపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించారు. వారి లెక్కలో ప్రక్రియాప్రధాన పద్ధతి ప్రభావ పరిమాణం 0.32 కాగా, రచనావ్యూహాలను స్పష్టంగా బోధించడం 0.82. మొదటిది నిష్ఫలం కాదు. దానికి స్పష్టమైన బోధన తోడు కావాలన్న సూచన మాత్రం ఈ అంకెల్లో ఉంది.

4. తెలుగు తరగతి గది:
డెల్పిట్ ప్రశ్న మనకు కొత్తది కాదు. విద్యార్థులు వ్యాసాలను ఏ భాషలో రాయాలన్న వివాదమే వ్యావహారికభాషోద్యమానికి ఒక ముఖ్య రంగస్థలం. గురజాడ 1914 నాటి అసమ్మతిపత్రం పుట్టింది ఈ సందర్భంలోనే. శిష్టవ్యావహారికం గెలిచింది. కాని దానికీ పల్లెపిల్లల ఇంటి పలుకుకూ మధ్య దూరం మిగిలే ఉంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. నాలుగో తరగతి బాలిక ఇలా రాసిందనుకుందాం: “వాన వచ్చింది. మా తాత కల్లం కాడికి ఉరికిండు. వడ్లు తడిసినయి. మా నాయిన ఏమనలే. మస్తు భాద అయింది.”

సంప్రదాయ దిద్దుబాటు ‘కాడికి’, ‘ఉరికిండు’, ‘తడిసినయి’, ‘ఏమనలే’, ‘భాద’ అన్నింటికీ ఎర్రసిరాతో సున్నాలు చుడుతుంది. నిజానికి ఇక్కడ వర్ణదోషం ఒక్కటే: ‘బాధ’ను ‘భాద’ అనడం. తక్కినవి మాండలికరూపాలు. ఈ రెండింటినీ వేరు చేయని దిద్దుబాటు ఆ బాలికకు తన ఇంటిమాటే తప్పని నేర్పుతుంది. అసలు దిద్దకుండా వదిలేసే ఉదారత ఆమెను పరీక్షలో, దరఖాస్తులో నిరాయుధగా నిలబెడుతుంది.

కార్యశాల ఇవ్వగలిగినది మూడో దారి. ఉపాధ్యాయుడు మొదట అర్థం గురించి అడగాలి: “నాన్న ఏమీ అనకుండా ఏం చేశాడు?” ఆ జవాబుతో రచన పెరుగుతుంది. తండ్రి మౌనాన్ని చెప్పిన వాక్యంలోనే బాధ ఉందని, చివరి వాక్యం అవసరమా అని ఆలోచింపజేయవచ్చు. ఆ తరువాత మహాప్రాణాల మీద చిన్న పాఠం చెప్పాలి. చివరగా ఇదే సంగతిని మండల అధికారికి లేఖగా రాయించి, ‘ఉరికిండు’ కథలో ఎందుకు ఉండవచ్చో, లేఖలో ‘పరుగెత్తాడు’ ఎందుకు అవసరమో చర్చించాలి.

5. ఆచరణలో పరిమితులు:
నలభైమంది ఉన్న తరగతిలో పీరియడుకు ఐదుగురితో మాట్లాడగలిగితే, అందరినీ పలకరించడానికి ఎనిమిది పీరియడ్లు పడతాయి. వారానికి రెండు పీరియడ్లు కేటాయించినా నెల గడుస్తుంది. కనుక పిల్లలు జంటలుగా ఒకరిది ఒకరు చదివే అలవాటును ముందే నేర్పాలి.

మరో ప్రమాదం ఉంది. మన దగ్గర కార్యశాల అనగానే ఒకటి రెండు రోజుల శిబిరం, చివర ఒక సంకలనం గుర్తుకు వస్తాయి. సంకలనం పిల్లలకు ఆనందాన్నిస్తుంది. అయితే పెద్దల చేతిలో నునుపుదేలిన కథలన్నీ నీతివాక్యంతో ముగిసి ఒకే గొంతుతో వినిపిస్తే, అందులో బాలరచయిత పేరు తప్ప స్వరం మిగలదు. శుద్ధప్రతి పక్కనే చిత్తుప్రతిని కూడా అచ్చువేస్తే పిల్లవాడు నేర్చుకున్నదేదో, పెద్దలు చేర్చినదేదో తెలుస్తుంది.

6. ముగింపు:
రచనాకార్యశాలను దిగుమతి చేసుకున్న పరికరంగా యథాతథంగా అమలుచేయడం, విఫలమైందని తోసిపుచ్చడం రెండూ తొందరపాటే. పిల్లలు చెప్పదలచినదాన్ని ఓపికగా వినడం దాని బలం. భాషానియమాలు వాటంతటవే వస్తాయన్న భరోసా దాని బలహీనత. మాండలికాన్ని, వర్ణదోషాన్ని వేరుచేసి చూడగల ఉపాధ్యాయుని చేతిలో ఈ పద్ధతి తెలుగు తరగతికి మేలు చేస్తుంది. ఉపాధ్యాయ శిక్షణ ఈ వివేచనతోనే మొదలు కావాలి.