పేరు వేరు, రాశి వేరు

ఒక సర్వరు చెడినను సేవ ఆగకుండునట్లు కొన్ని కంప్యూటర్లను కూర్చి నడపు ఏర్పాటునకు క్లస్టరు అని పేరు. అందలి సేవల యోగక్షేమములు కనిపెట్టియుండు సాఫ్ట్‌వేర్‌లలో పేస్‌మేకర్ ప్రసిద్ధమైనది. గుండె లయను కాపాడు పరికరము పేరు దీనికి చక్కగా అమరినది. అయితే దీనిలోని పేర్లన్నియు ఇంత చక్కగా అమరినవా?

'ఇంటర్వెల్' అనగా ఎంతకాలమున కొకసారి సేవను పరీక్షింపవలెనో తెలుపు అంకె. 'టైమవుట్' అనగా జవాబునకై ఎంతసేపు వేచియుండవలెనో తెలుపునది. మొదటిది 10, రెండవది 20 సెకన్లు అనుకొందము. పరీక్ష ముగిసిన మరుక్షణమే సేవ స్తంభించినచో ఆ సంగతి తేలుటకు సుమారు 30 సెకన్లు పట్టును. టైమవుట్‌ను మరీ తగ్గించినచో, పని ఒత్తిడివలన జవాబు ఆలస్యమైన డేటాబేసును కూడ చెడినదిగా నెంచి, నడచుచున్న దానినే ఆపి మరల ప్రారంభించును. ఈ రెండు పేర్లును తమ పనిని సూటిగా చెప్పుచున్నవి.

'మైగ్రేషన్ థ్రెషోల్డ్' అట్టిది కాదు. ఒక యంత్రముపై సేవ ఎన్నిమార్లు విఫలమైన పిమ్మట దానిని అక్కడ నడపరాదో తెలుపు సంఖ్య ఇది. లెక్కించునది వైఫల్యములను; పేరు మాత్రము వలసది. నడచుచున్న సేవను ఆపకుండ వేరొక యంత్రమునకు తరలించుటకును ఇందు మైగ్రేషన్ అనియే పేరు. 'ఫెయిల్యూర్ టైమవుట్' కూడ ఇట్టిదే. అది జవాబునకై వేచియుండు కాలము కాదు, పాత వైఫల్యములను మరచిపోవుటకు పెట్టిన గడువు.

అన్నిటికంటె పెద్ద లోపము వేరొకటి కలదు. డేటాబేసునకు ప్రధాన ప్రతి, సహాయ ప్రతి అని రెండు ఉన్నప్పుడు రెండింటిని పరీక్షింపవలెను. పేస్‌మేకర్ ఒక సేవకు చెందిన పరీక్షలను వాని ఇంటర్వెల్‌నుబట్టియే గుర్తించును. రెండింటికిని 10 సెకన్లే వ్రాసినచో ప్రతుల భేదమును విడిచిపెట్టి, ఫలితములను తప్పుగా గ్రహించును. కావున ఒకదానికి 10, రెండవదానికి 11 వ్రాయవలెను. ఆ ఒక్క సెకను కాలమును కొలుచుటకు కాదు, పేరుగా నిలుచుటకు. ఇది తెలియని ఉద్యోగి చక్కదిద్దుచున్నాననుకొని 11ను 10గా మార్చిన నాడు, సేవను కాపాడవలసిన ఏర్పాటే దానికి ఆటంకమగును.

పేర్లు మార్చుట అసాధ్యము కాదు. 2021లో ఈ సాఫ్ట్‌వేర్ నిర్మాతలే 'మాస్టర్', 'స్లేవ్' అను మాటలకు బదులు 'ప్రమోటెడ్', 'అన్‌ప్రమోటెడ్' అను మాటలను ప్రవేశపెట్టిరి. పరీక్షలకును వేరుగా పేర్లనిచ్చి, అంకెకు కాలమును కొలుచు పనిని మాత్రమే విడిచినచో మేలు. ప్రయోగశాలలో రెండు సీసాలను గుర్తించుటకు చీటీలంటింతుము. ఒకదానిలో ఒక మిల్లీలీటరు ఎక్కువ పోయము గదా!