చాప పరిస్తే చాలదు

ముందుమాట రాయమంటే మొదట తప్పించుకున్నాను. నరసరావుపేట చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు షిఫ్టులు చూసి దిగిపోయినవాణ్ణి. ఈ పుస్తకమేమో ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకోవడానికి కంపెనీలు నడిపే సోషల్ నెట్‌వర్కుల గురించి. "మీకు తెలిసిన గొడవే బాబాయ్, చదవండి" అని రాతప్రతి అరుగు మీద పెట్టి వెళ్లాడు రచయిత. మా వీధిలో పెరిగి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. నిజంగానే తెలిసిన గొడవే.

ఒక మిల్లులో, పేరెందుకు లెండి, ఎండాకాలం రాత్రి షిఫ్టులో ఒక మూల ఫ్రేముల మీద పోగులు తెగ తెగేవి. పత్తి బాగాలేదన్నాం, పోగును నడిపే ట్రావెలర్లు మార్చాం, ఆపరేటర్లను కేకలేశాం. ఆ మూలకు తేమ గాలి అందడం లేదని కండెలు మార్చే అమ్మాయికి మొదటి రోజే తెలుసు. మేస్త్రీకి చెప్పింది. ఆయన నాకు చెప్పలేదు; చెబితే నేను విసుక్కుంటానని భయం. మూడు వారాల తర్వాత టీ బంకు దగ్గర ఎవరో అనుకుంటుంటే నా చెవిన పడింది. గేటు పక్కన సలహాల పెట్టె కూడా ఉండేది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుండేదో నాకిప్పటికీ తెలియదు.

ఆఫీసు నెట్‌వర్కుల్లో 2008లో యామర్ పుట్టడం, 2012లో మైక్రోసాఫ్ట్ దాన్ని 120 కోట్ల డాలర్లకు కొనడం, 2016లో ఫేస్‌బుక్ తెచ్చిన వర్క్‌ప్లేస్‌ను మూసేస్తున్నామని 2024లో ప్రకటించడం, మన టీసీఎస్ సొంతంగా నోమ్ అని ఒకటి పెట్టుకోవడం, అన్నీ ఉన్నాయి ఈ పుస్తకంలో. ఆ అధ్యాయం కాస్త పొడుగైంది. నాలాంటివాడు పేజీలు తిప్పేస్తాడు.

తిప్పకుండా ఆగిపోయింది చాపకూడు దగ్గర. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాట్లో పిల్లలకు కూడా తెలుసు. మనం అక్కడితో ఆపేస్తాం. మావాడు ఆపలేదు. ఆ చాప మీద నుంచి లేచిన దళితుడు కన్నమదాసు చేతికి సేనను అప్పగించాడు కదా, దాని సంగతేమిటని అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకోవడం ఒక ఎత్తు, కూర్చున్నవాడి మాట మీద పని నడవడం ఒక ఎత్తు. ఇవాళ్టి చాప వాట్సాప్ గ్రూపే; బడికీ, సచివాలయానికీ, బస్సు డిపోకీ అది లేనిదెక్కడ? అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయకుండా బిగించిన గ్రూపును రచయిత దండోరా అన్నాడు. చాటింపు వేసేవాడు జవాబు కోసం ఆగడు. ఎవరు అడిగినదానికి ఎవరు, ఎన్నాళ్లలో బదులివ్వాలో ముందే రాసి పెట్టుకోవాలనీ, ఎవరి మాటతో పని చక్కబడిందో వాళ్ల పేరు అందరిలో చెప్పాలనీ అతను చెప్పిన తీరు చూసి, ఇది మాకు అప్పుడెందుకు తోచలేదా అనుకున్నాను.

ఒకటి రెండు చోట్ల ఒప్పుకోలేకపోయాను. లైకులు లెక్కపెట్టి ఉద్యోగుల ఉత్సాహం ఇంతని తేల్చే పట్టిక నాకు నచ్చలేదు. పెద్దసారు రాసినదానికి బొటనవేలు బొమ్మ పెట్టనిదెవరు? ఎప్పుడు అడిగినా వెంటనే బదులివ్వాలన్నదీ అంతే. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ కింద నిలబడ్డవాడి జేబులో ఆఫీసు మోగకూడదు. ఈ ముక్క మొహం మీదే చెప్పాను. నవ్వి, అలాగే ఉంచాడు. రచయిత అన్నాక ఆ మాత్రం మొండితనం ఉండాలి లెండి.

నేను చేసిన మిల్లుల్లో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకునేవారు. అలాంటి చోట ఆ కండెల అమ్మాయి ఎక్కడ రాస్తుందని అడిగితే మావాడి దగ్గర జవాబు లేదు. రెండో ముద్రణలో దానికొక అధ్యాయం ఉంటుందన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు షిఫ్టు మారే వేళకు ఇద్దరం మిల్లు గేటు దగ్గర నిలబడి పనివాళ్లనే అడుగుదామనుకున్నాం.

నరసరావుపేట