పిప్పి తీసేసిన క్వెరీ

మా దోహా ఆఫీసులో డేటాబేస్ చూసే అన్న బగ్ రిపోర్టు రాస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకో సరదా. ఓ ఆదివారం (ఇక్కడ వారం ఆ రోజే మొదలు) పోస్ట్‌గ్రెస్‌లో పాత రికార్డుల సమయాలు గంట తేడాగా వస్తున్నాయని గోల. మేమైతే 'సాఫ్ట్‌వేర్ తప్పు' అని కొట్టి పంపేసేవాళ్లం. ఆయన ముందు వెర్షన్ నంబరు చివరి అంకెదాకా రాసుకున్నాడు. తర్వాత లక్షల వరుసల టేబుల్‌ని చింతపండులా పిసికి పిప్పి తీసేశాడు. పేర్లు పోయాయి, ఖతర్ ఐడీ నంబర్లు పోయాయి, ఆఖరికి టేబులే పోయింది. ఖాళీ డేటాబేస్‌లో ఎవరైనా నడపగల ఒక్క క్వెరీ మిగిలింది. యూటీసీ మధ్యాహ్నం 12 గంటలంటే దోహాలో 1972 మే 31న సాయంత్రం 4, మర్నాడు 3! ఏం వచ్చింది, ఏం రావాలనుకున్నాం, రెండూ పక్కపక్కన. కారణం మీద ఊహ ఒక్కటీ లేదు. రిపోర్టు పంపాక కరక్ చాయ్ చల్లారేలోపే ముఖం తెలియని పోస్ట్‌గ్రెస్ డెవలపర్ జవాబు: 1972 జూన్ వచ్చేదాకా ఖతర్ గడియారం యూటీసీకి 4 గంటలు ముందుండేది, ఆ తర్వాతే 3, టైమ్‌జోన్ పట్టికకు అది గుర్తుంది. "బగ్గు కాదట తమ్ముడూ" అని నవ్వి, అన్న ఆ క్వెరీని జాగ్రత్తగా ఫైల్లో దాచుకున్నాడు.